కళ్ల చీటీ మీద వచ్చిన కుర్రాడు

మొన్నీమధ్య బందరులో ఒక కాలేజీలో సభ జరిగితే వెళ్లాను. రిటైరైనవాడికి సభలే కాలక్షేపం. వేదిక మీద ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "మనసు బాగోలేని యువతీ యువకులు సిగ్గుపడకుండా ముందుకు రావాలి" అని అరగంటసేపు చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నాకు ఒళ్లు మండింది. ముందుకు రమ్మనడం తేలికే. వాళ్లు నిజంగా ముందుకు వచ్చిన రోజున అక్కడ ఎవరుంటారో ఆ పెద్దమనిషికి తెలీదు. నాకు తెలుసు. అక్కడ నేనున్నాను.

ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో ముప్ఫై రెండేళ్లు పనిచేశాను. ఏ ఆసుపత్రో చెప్పను. ఇందులో ఎవరి పేరూ చెప్పను. నేను చెప్పబోయేది మరొకరి మీద నేరం కాదు, నా మీద నేరమే. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో, ఎక్కడైనా సరే, ఒక అద్దం వెనక కూర్చుని ఎదుటివాణ్ణి "నీ సంగతేంటి?" అని అడిగే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు చదువుతారని రాస్తున్నాను.

నేను చేరింది నీళ్లు మోసే పనిలో. బడి ఆరో తరగతితో ఆగిపోయింది. తరవాతి చదువంతా మందుల అట్టపెట్టెల మీద, పాత డిశ్చార్జి కార్డుల మీద, సాయంత్రం పూట గ్రంథాలయంలో పేపర్ల మీద సాగింది. ముప్ఫై నాలుగేళ్ల వయసులో ప్రైవేటుగా పదో తరగతి కట్టి పాసయ్యాను. దస్తూరి బాగుందని నన్ను తీసుకెళ్లి ఓపీ చీటీలు రాసే కౌంటర్లో కూర్చోబెట్టారు. డిగ్రీలు చదివిన గుమాస్తాలు జబ్బుల పేర్లకి స్పెల్లింగులు నన్ను అడిగేవారు. అది నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ గర్వం సంగతి కూడా చెప్పాలి కాబట్టి ముందే చెబుతున్నాను.

దానికంటే పెద్ద గర్వం ఇంకొకటుంది. నాకు మనుషులు గుర్తుంటారు. ఊరు, తండ్రి పేరు చెబితే చాలు, మిగతాది నేను చెప్పేవాణ్ణి. పెడన అంటే ఏ వీధి, గిలకలదిండి అంటే ఏ బోటు తాలూకు, కోడూరు అంటే చెరువుల వాళ్లా వరి వాళ్లా. "మీ మేనత్తకి గర్భసంచి ఆపరేషన్ అయింది కదూ, ఇప్పుడెలా ఉంది?" అంటే జనం నోరు తెరిచేవారు. లైను సర్దే వాచ్‌మన్ ఒకడుండేవాడు, హాస్యగాడు. "గురువుగారూ, మీరు చీటీ రాస్తున్నారా, సంబంధం చూస్తున్నారా?" అనేవాడు. లైనంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

కౌంటరు ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. నాకూ జనానికీ మధ్య అద్దం. అద్దంలో అరచేయి పట్టేంత కన్నం. ఆ కన్నం ఎవరు పెట్టారో గానీ మనిషి నడుము ఎత్తులో ఉండేది. మాట్లాడాలంటే వంగాలి. పైన ఫ్యాను, వెనక పిల్లల ఏడుపులు, అందుకని వంగినవాడు అరవాలి. అరిచినదాన్ని నేను సరిగ్గా విన్నానని తెలియడానికి తిరిగి అరవాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఏ డాక్టరు. చివరిది మరీ గట్టిగా అరవాలి, ఎందుకంటే వాచ్‌మన్ అది విని మనిషిని ఫలానా లైనులోకి తోసేవాడు. ఎముకలకి ఎడమ, కళ్లకి కుడి, మానసికానికి చివర పదకొండో గది. వెనక నిలబడ్డ పదిమందికీ ప్రతివాడి జబ్బూ తెలిసేది. కాలు నొప్పి తెలిస్తే ఎవరికి నష్టం? ఇరవై ఏళ్లకు పైగా అలాగే అనుకున్నాను.

పదకొండో గది మాకు ఒక పరాచికం. ఎవరైనా ఒక కాగితం పోగొడితే "వీణ్ణి పదకొండుకి పంపాలి" అనేవాళ్లం. ఆ గదిలో డాక్టరమ్మ మంగళవారం, శుక్రవారం గుడివాడ నుంచి రైల్లో వచ్చేది. కాస్త పెళుసు మాట. వచ్చే జనంలో ఎక్కువమంది జబ్బు ముదిరిపోయాక ఇంట్లో వాళ్లు పట్టుకొచ్చేవాళ్లే. పాతికేళ్ల లోపు వాళ్లు వాళ్లంతట వాళ్లు రావడం అరుదు. "వయసు పిల్లలకి ఏ బాధలూ ఉండవు కదా మేడమ్, అందుకే రారు" అని ఒకసారి ఆవిడతో అన్నాను. ఆవిడ నా వంక చూసి, "వాళ్లు ఎందుకు రావట్లేదో ఏదో ఒక రోజు మీకే తెలుస్తుంది లెండి, పెద్దాయనా" అంది. శాపం పెట్టినట్టు అనలేదు. మామూలుగానే అంది.

అప్పటికి నా రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్లుంది. ఒక మంగళవారం కన్నం దగ్గర ఒక కుర్రాడు వంగాడు. ఇరవై నాలుగేళ్లు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా. పేరు చెప్పాడు. తండ్రి పేరు, ఊరు చెప్పాడు. దివిసీమలో కోడూరు దాటాక ఒక ఊరు. ఏ డాక్టరు అంటే పెదవులు కదిలాయి గానీ మాట వినపడలేదు.

"గట్టిగా చెప్పు బాబూ."

"పదకొండో గది అండీ."

నాకు ఆ తండ్రి పేరు తలచుకోగానే బుర్రలో దీపం వెలిగింది. ఆయన ఆ ఊరి చర్చిలో సంఘ పెద్ద. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా వెంటపెట్టుకొచ్చి, నా కౌంటరు దగ్గర నిలబడి, చీటీ రాయించి, డాక్టరు చూసేదాకా కూర్చుని వెళ్లే మనిషి. నాకు ఇరవై ఏళ్ల పరిచయం. నేనూ ఆ విశ్వాసంలో పుట్టినవాణ్ణే కాబట్టి ఆయనంటే ఇంకొంచెం అభిమానం. ఆ అభిమానమంతా ఒక్కసారి నోటి వెంట వచ్చింది.

"ఓరి, నువ్వు ఆయన అబ్బాయివా! మీ నాన్నగారు ఊరందరికీ ధైర్యం చెప్పే మనిషి కదయ్యా! ఆయన కడుపున పుట్టి నీకేం ఖర్మ బాబూ, మెంటల్ డాక్టరు దగ్గరికి?"

తిట్టలేదు. ఎగతాళీ చెయ్యలేదు. ప్రేమగా అన్నాను. ప్రేమగా కాబట్టి ఇంకా గట్టిగా అన్నాను. వెనక మోకాళ్ల నొప్పులకి వచ్చిన ఒక పెద్దావిడ మెడ సాచి, "ఎవరూ, మా ఊరి అబ్బాయేనా? ఏమైంది నాయనా?" అంది. ఆవిడదీ అదే ఊరంట.

కుర్రాడు నిటారుగా నిలబడ్డాడు. తరవాత మళ్లీ వంగి, చాలా స్పష్టంగా, "పొరపాటండీ. కళ్లకి. కళ్ల డాక్టరు" అన్నాడు.

"అదీ!" అన్నాను నేను సంతోషంగా. కళ్ల చీటీ రాసి ఇచ్చాను. వాచ్‌మన్ కుడివైపు తోశాడు. నా పని నేను చక్కగా చేశాననుకున్నాను.

రెండు వారాల తరవాత మళ్లీ వచ్చాడు. మంగళవారమే. "కళ్లకండీ." రాశాను. "ఇంకా తగ్గలేదా బాబూ?" అంటే "లేదండీ" అన్నాడు. అంతే. ఆ మధ్యలో అతని ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు. కళ్ల చీటీ తీసుకున్నవాడి గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఆ తరవాత వచ్చిన శుక్రవారం గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నది.

పదకొండు గంటలు దాటింది. నా ముందు పెద్ద లైను. కళ్ల విభాగంలో చూపు పరీక్ష చేసే అమ్మాయి వెనక తలుపు తోసుకుని వచ్చింది. నన్ను బాబాయ్ అనేది.

"బాబాయ్ గారూ, ఒక్క నిమిషం. ఆ కోడూరు వైపు అబ్బాయి, మూడోసారి వచ్చాడు. వాడికి కళ్లేం లేవండీ."

"కళ్లేం లేకపోవడమేంటే?"

"అబ్బ, కళ్ల జబ్బేం లేదంటున్నా. చార్టులో చివరి వరస కూడా గడగడా చదివేస్తాడు. మొదటిసారి చుక్కల మందు రాసి పంపారు డాక్టరుగారు. రెండోసారి పరీక్ష అయిపోయాక కూడా వెళ్లకుండా బయట బల్ల మీద గంటన్నర కూర్చున్నాడు. మా బల్ల ఎక్కడుంటుంది? పదకొండో గదికి సరిగ్గా ఎదురుగా. ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నాడు. ఇవాళ చార్టు చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఏడ్చేశాడు. నేను నీళ్లు తెచ్చేలోపు వెళ్లిపోయాడు."

నేను పెన్ను కింద పెట్టాను. ఆ మంగళవారం నేనన్న మాట నా చెవుల్లో నా గొంతుతోనే మళ్లీ వినపడింది. అంత బుద్ధి తక్కువ మాట ఆ కౌంటర్లో ఎన్నిసార్లు అని ఉంటానో లెక్కపెట్టే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

"డాక్టరమ్మకి చెప్పు" అని లేచాను. లైనులో జనం "ఏంటండీ, ఎక్కడికండీ?" అని అరుస్తున్నారు. వాచ్‌మన్ నోరు తెరిచాడు. నేను ఆగలేదు. కోడూరు బస్సు పన్నెండుంబావుకి. ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్లాను.

బస్సు ప్లాట్‌ఫాం మీదే ఉంది. కుర్రాడు చివరి బల్ల మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. "కూర్చో బాబూ" అని పక్కన కూర్చున్నాను.

"ఇంటికేనా?" అన్నాను.

"అవునండీ."

"మళ్లీ మంగళవారం వస్తావా?"

"ఇవాళ కూడా కుదరకపోతే ఇక వద్దనుకున్నానండీ."

"ఏది? ఆసుపత్రికి రావడమా?"

"బతకడం అండీ."

బస్సు టైం చెప్పినట్టు చెప్పాడు. నేను అరవై ఏళ్లకి దగ్గరపడ్డ మనిషిని, చావులు చూడని వాణ్ణి కాదు, ఆసుపత్రిలో అవి రోజూ ఉండేవే. అయినా ఏమనాలో తెలియనప్పుడు మనిషి చేసే పనే చేశాను. "ఎందుకు బాబూ? ఉద్యోగం లేదా? అప్పులా? ఎవరైనా అమ్మాయి..."

"మీరు కూడా అదే అడుగుతున్నారు" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. "ఉద్యోగం ఉందండీ. రొయ్యల చెరువుల దగ్గర నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో. పని ఇష్టమే. అప్పుల్లేవు. అమ్మాయీ లేదు. కారణం ఉంటే బాగుండేది, చెప్పుకోవడానికి ఉండేది. నిద్ర పట్టదు. ఆర్నెల్లుగా అన్నం రుచి తెలీదు. బండి మీద చెరువు గట్టు దాకా వెళ్లి, దిగి ఏం చెయ్యాలో గుర్తు రాక అక్కడే నిలబడిపోతాను. దీన్ని ఏమనాలో తెలీకే కదండీ డాక్టరు దగ్గరికి వచ్చింది."

జేబులోంచి ఫోను తీసి కళ్ల గది అమ్మాయికి చేశాను. ఆ పిల్ల అప్పటికే పదకొండో గదిలో ఉంది. ఫోను డాక్టరమ్మకి ఇచ్చింది. నేను లేచి నాలుగడుగులు పక్కకి నడిచి, కుర్రాడు అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

"అతని పక్కనే ఉండండి" అంది ఆవిడ. "ఒంటరిగా బస్సెక్కనివ్వకండి. కారణాలు అడక్కండి. సలహాలు చెప్పకండి. దేవుడి గురించి, తల్లిదండ్రుల గురించి అసలు వద్దు. నా దగ్గరికి తీసుకురాగలరా? రానంటే చెప్పండి, నేనే వస్తాను."

సలహా చెప్పకుండా ఒక మనిషి పక్కన కూర్చోవడం ఎంత కష్టమో ఆ పది నిమిషాల్లో తెలిసింది. నోటి దాకా వచ్చిన ప్రతి మాటా సలహానే. మింగుతూ కూర్చున్నాను. నేను మాట్లాడకపోయేసరికి అతనే మాట్లాడాడు.

నేను ఆ మాట అన్న వారమే ఆదివారం చర్చిలో ఏం జరిగిందో అప్పుడు విన్నాను. మా సంఘాల్లో ఒక అలవాటుంది. ఎవరికైనా కష్టమొస్తే చిన్న కాగితం మీద రాసి ముందున్న పెట్టెలో వేస్తారు. సంఘ పెద్ద ఒక్కొక్కటీ తీసి పైకి చదువుతాడు. అందరూ ఆ మనిషి కోసం ప్రార్థన చేస్తారు. మంచి అలవాటే. మోకాళ్ల నొప్పుల పెద్దావిడ కూడా మంచి మనసుతోనే ఒక కాగితం వేసింది. సంఘ పెద్ద దాన్ని తీసి చదవడం మొదలుపెట్టాడు. మానసికంగా బాధపడుతున్న ఫలానా యవ్వనస్థుని కొరకు... పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. అది ఆయన కొడుకు పేరు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పాట ఎత్తుకున్నాడు. కూర్చున్నవాళ్లందరికీ అర్థమైపోయింది.

"ఇంటికి వెళ్లాక నాన్న ఏమీ అడగలేదండీ. నేనూ చెప్పలేదు. రాత్రి ప్రార్థన మాత్రం పొడుగైంది. అమ్మ ఉపవాసాలు మొదలుపెట్టింది. నేను తగ్గినట్టు నటిస్తున్నాను, వాళ్లు నమ్మినట్టు నటిస్తున్నారు."

"నాన్నకి చెప్పేస్తే..." అనబోయి నాలుక కరుచుకున్నాను.

అతనికి అర్థమైంది. "ఎలా చెప్పనండీ? ప్రార్థన చేయించుకోడానికి పక్క ఊళ్ల నుంచి కూడా మా నాన్న దగ్గరికి వస్తారు. ఆయన కొడుక్కే తగ్గలేదంటే ఆ వచ్చేవాళ్లకి ఆయన మొహం ఎలా చూపిస్తాడు?"

చూశారా? మెంటల్ అంటారని భయం, పెళ్లి కాదని భయం, ఉద్యోగానికి అడ్డమని భయం. ఇవన్నీ నాకు తెలుసు. కానీ తన జబ్బు వల్ల తండ్రి ప్రార్థనకి విలువ పోతుందని భయపడే కొడుకు ఉంటాడని నాకు ఊహ లేదు. మైకు పట్టుకున్న పెద్దమనిషికీ ఉండదు.

ఇంజను స్టార్టయింది. కండక్టరు "చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు" అని అరుస్తున్నాడు. కుర్రాడు లేచాడు. నేనూ లేచాను.

"బాబూ, ఆ రోజు నేను నోరు పారేసుకున్నాను. తప్పు నాది."

"మీరు మంచిగానే అన్నారు కదండీ."

"మంచిగా అనడమే తప్పు. పోనీ తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడివి. చీటీ తీసుకునేవాడివి."

అతను కొంచెం నవ్వినట్టనిపించింది, ఖచ్చితంగా చెప్పలేను. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాడు. "నేను మళ్లీ ఆ లైన్లోకి రాలేనండీ. ఆ గది ముందు నిలబడలేను."

"లైను వద్దు. ఆ గదీ వద్దు. నీ జేబులో కళ్ల చీటీ ఉంది కదా? దాని మీదే రా. కళ్ల గదిలో కూర్చో. డాక్టరమ్మే అక్కడికి వస్తుంది. నిన్ను ఎవరూ ఏమీ అడగరు. నేనూ అడగను."

"ఈ బస్సు పోతే?"

"రెండున్నరకి ఇంకోటుంది."

కండక్టరు, "ఎక్కుతావా, దిగుతావా బాసూ? తేల్చు" అన్నాడు. కుర్రాడు దిగాడు. అంత చిన్న సంగతి. ఒక కాలు కింద పెట్టాడు. నా ఉద్యోగంలో నేను చూసిన పెద్ద సంగతి అదే.

చూపు పరీక్ష చేసే గది చీకటిగా ఉంటుంది, వెలుగంతా చార్టు మీదే. ఆ గదిలో డాక్టరమ్మా అతనూ ముప్పావుగంట కూర్చున్నారు. బయట పెడన నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ముసలివాళ్లు గొడవ చేస్తున్నారు. ఆ అమ్మాయి తలుపుకి అడ్డంగా నిలబడి "మిషను చెడిందండీ, బాగుచేస్తున్నారు" అని ముఖం నిండా అమాయకత్వం పెట్టి అబద్ధం ఆడింది. ఒక ముసలాయన, "ఏ మిషనమ్మా, గోడకి వేలాడే అట్టముక్కేగా?" అన్నాడు. "ఆ అట్టే చెడింది తాతగారూ" అంది.

బయటికి వచ్చి డాక్టరమ్మ నాతో రెండు మాటలే చెప్పింది. ఇది వైద్యానికి లొంగే జబ్బే. కానీ ఇవాళ అతన్ని ఒంటరిగా పంపకూడదు, ఇంటి మనిషి ఒకరికి తెలియాలి. ఎవరికి తెలియాలన్నది మాత్రం అతనే చెప్పాలి. అతను తండ్రి పేరు చెప్పలేదు. గిలకలదిండిలో ఉండే అక్కమొగుడి పేరు చెప్పాడు.

ఆ బావ హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ఫోను చేస్తే పావుగంటలో వచ్చేశాడు, చేతులకి గ్రీజుతో, ఒంటి నిండా చేపల వాసనతో. "ఏరా బావమరిదీ, కళ్లజోడు పెట్టించుకుని హీరోలా తిరుగుదామనా?" అంటూ లోపలికి వెళ్లాడు. ఐదు నిమిషాల తరవాత బయటికి వచ్చినప్పుడు ఆ మనిషిలో హాస్యం లేదు. గోడకి ఆనుకుని నిలబడి గ్రీజు చేతుల్తోనే మొహం తుడుచుకున్నాడు. "మొన్న ఆదివారం మా ఇంట్లో భోంచేశాడండీ. నేను జోకులేస్తే నవ్వాడు కూడా" అన్నాడు. తరవాత సర్దుకుని, "వీడు నా దగ్గరే ఉంటాడు. పక్కలో పడుకోబెట్టుకుంటా. చెప్పండి మేడమ్, మందులు ఏ పూట ఏది?" అని అడిగాడు. డాక్టరమ్మ చెప్పినవన్నీ అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు. ఆ తరవాతి మంగళవారం, ఆ పై శుక్రవారం, అతన్ని బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చింది ఆయనే.

నాకు మెమో వచ్చింది. ఓపీ సమయంలో గంటకు పైగా కౌంటరు వదిలి వెళ్లినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు. నిజం రాయాలంటే ఆ కుర్రాడి సంగతి ఫైలులోకి ఎక్కుతుంది. సగం రాత్రి కూర్చుని ఆలోచించి, "కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినందున వెళ్లవలసి వచ్చినది" అని నా మంచి దస్తూరితో రాసి ఇచ్చాను. పై అధికారి చదివి, "చెప్పి వెళ్లాలి కదండీ, ఇప్పుడెలా ఉంది?" అని సానుభూతిగా అడిగాడు. ఒక్క అనుమానం రాలేదు. కడుపు నొప్పి అంటే ఎవరూ ఎవరబ్బాయివని అడగరు. నాకప్పుడు ఆ కళ్ల చీటీ ఇంకా బాగా అర్థమైంది.

నెల తరవాత తండ్రి వచ్చాడు. అదే కన్నం దగ్గర వంగాడు. ఈసారి వెంట రోగులెవరూ లేరు.

"మా వాడు ఇక్కడికి వస్తున్నాడంట. అల్లుడు ఏవో కళ్లు అంటున్నాడు. ఏం జబ్బు సోదరా?"

నేను పుస్తకం తీసి చూసినట్టు నటించాను. "కళ్ల విభాగం అని ఉందండీ."

"నీకు తెలుసు. నీ మొహం చెబుతోంది."

"నేను చీటీ రాసేవాణ్ణి అన్నగారూ. నాకు తెలిసేది ఇంతే."

"ఇరవై ఏళ్ల నుంచి తెలిసిన మనిషివి. నా బిడ్డ సంగతి నాకు చెప్పవా?"

ఆ మాటకి నాకు చెప్పెయ్యాలనిపించింది. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేని మనిషిలా ఉన్నాడు. కానీ డాక్టరమ్మ నాకు ముందే చెప్పి ఉంచింది. అతను తండ్రికి చెప్పడానికి సిద్ధమవుతున్నాడు, ఆ మాట అతని నోటి నుంచే రావాలి, ముందు ఇంకెవరి నోటి నుంచి వచ్చినా మళ్లీ మొదటికొస్తుంది అని. "మీరు చెయ్యగలిగిన సాయం మాట్లాడకపోవడమే" అంది. నా జన్మలో ఎవరూ నన్ను ఆ సాయం అడగలేదు.

"మీ అబ్బాయినే అడగండి అన్నగారూ. గిలకలదిండి వెళ్లండి. అడగకపోయినా పరవాలేదు, వెళ్లండి" అన్నాను. అదీ ఎక్కువే అన్నానేమో.

ఆయన వెళ్లిపోయాడు. తరవాత కూడా ఊళ్లోవాళ్లని తీసుకొచ్చేవాడు గానీ, నాతో మాట్లాడేవాడు కాదు. చీటీ కోసం వేరే వాళ్లని వంగమనేవాడు. నాకు బాధగానే ఉండేది. ఆయన ఒకరోజు గిలకలదిండి వెళ్లాడనీ, ఎవర్నీ ఏమీ అడక్కుండా కూతురు వడ్డించిన అన్నం తిని, ఆ రాత్రి కొడుకు పక్కనే మంచం వేయించుకుని పడుకున్నాడనీ తరవాత మెకానిక్కు బావ చెప్పాడు. తెల్లారేలోపు వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కౌంటరు సంగతి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే కోపం అక్కడే ఇంకా మిగిలి ఉంది. మందుల అట్టపెట్టెలు ముక్కలుగా కత్తిరించి, ఒక పెన్సిలుతో కన్నం దగ్గర పెట్టాను. ఏ గదో రాసి లోపలికి తోస్తే చాలు, అరవక్కర్లేదు. వాచ్‌మన్‌ని అరవకుండా వేలితో చూపించమన్నాను. మొదట్లో "మూగోళ్ల కౌంటరా గురువుగారూ?" అన్నాడు గానీ, వాడి మేనల్లుడికి అవసరం పడ్డాక ఆ పద్ధతిని నాకంటే గట్టిగా పట్టుకున్నాడు. పదకొండో గది మీద బోర్డు తీయించి నంబరు ఒక్కటే ఉంచాం. నెల తిరక్కముందే ఊళ్లో ఆ నంబరే తిట్టయింది. మనవాళ్లు దేన్నయినా తిట్టు చెయ్యగలరు. అప్పుడు డాక్టరమ్మ శుక్రవారాలు కళ్ల విభాగంలో ఒక బల్ల వేయించుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కుర్రాళ్లు రావడం మొదలైంది. ఆడపిల్లలు కూడా. తోడెవరూ లేకుండా, సంచీలో టిఫిన్ డబ్బాతో, ఆఫీసుకి వెళ్తున్నట్టు. "చూశారా పెద్దాయనా, బాధలు లేక రాలేదనుకున్నారు" అంది ఆవిడ ఒకరోజు.

నేను రిటైరైన ఏడాదికి కొత్త అధికారి వచ్చి, రూలు ప్రకారం బోర్డు మళ్లీ పెట్టించాడట. పెన్సిలూ అట్టముక్కలూ చెత్త అన్నాడట. ఇప్పుడు చాలా చోట్ల కంప్యూటర్లు వచ్చాయి, అరవక్కర్లేదు. సంతోషమే అనుకున్నాను. ఈ మధ్య ఒక చోట చూశాను. ఒక అమ్మాయి కార్డు నంబరు చెప్పగానే, ఆమె ఏ విభాగంలో చూపించుకుంటోందో దివిసీమలో ఇంట్లో ఉన్న తండ్రి ఫోనుకి మెసేజ్ వెళ్లిపోయింది. ఆ నంబరే కార్డుకి కలిపి ఉందట. ఆ పిల్ల మొహం తెల్లబడడం చూశాను. నేను అరిస్తే పదిమందికి వినపడేది. ఇది దివిసీమ దాకా వినపడింది. కౌంటర్లో కుర్రాణ్ణి నిలదీస్తే, "సిస్టం అలాగే ఉందండీ, నేనేం చెయ్యను?" అన్నాడు. ఒకప్పుడు నేనూ అదే అన్నాను, వేరే మాటల్లో. బాబూ, సిస్టం అంటే అద్దం వెనక కూర్చున్నవాడే. వేరే నంబరు ఉందా అని ఒక్క మాట నెమ్మదిగా అడగడానికి ఏ రూలూ అడ్డం రాదు.

కిందటి నెల మా ఆవిడా నేనూ గిలకలదిండి వెళ్లాం, బోట్లు వచ్చే వేళకి. వేలంపాట జోరుగా ఉంది. ఐసు ట్రేలు మోస్తున్నవాళ్లకి చెయ్యి సాయం చేస్తూ ఒకతను, ముప్ఫైకి దగ్గరపడుతున్న మనిషి, ఎవరితోనో పందెం కాస్తూ పెద్దగా నవ్వుతున్నాడు. ఒళ్లు చేసి, రంగు తేలి ఉన్నాడు. తల తిప్పి నన్ను చూశాడు. ట్రే చేతుల్లోనే పెట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. నేను చూపు తిప్పుకుని పండుగప్ప బేరంలో పడ్డాను. అతను ట్రే దించడానికి వెళ్లిపోయాడు.

ఇలాంటివి మా ఆవిడ కంట పడకుండా పోవు. "ఎవరండీ ఆ అబ్బాయి? మిమ్మల్ని చూసి ఆగాడు."

"ఎవరో."

"బందరు చుట్టుపక్కల మీకు తెలియని మనిషి కూడా ఉన్నాడా?"

"ఉన్నాడు" అన్నాను. "నువ్వు చేప చూడు, మెత్తబడిందేమో."